పాతరోడి మిద్దె

జమ్మలమడుగుకు కొద్ది దూరంలో, నల్లరేగడి చేల నడుమ ఉన్న మా పెద్దల ఊళ్లో, మా మేనత్త చివరిదాకా ఒంటరిగా నివసించిన మట్టి మిద్దెను ఎవరూ మా ఇంటిపేరుతో పిలవరు. దాన్ని పాతరోడి మిద్దె అంటారు. ఆ ఇంట్లో పాతరోడు అనే దయ్యం ఉందనీ, అమావాస్య రాత్రుల్లో నేల కింది నుంచి మూలుగు వినిపిస్తుందనీ, లోపలి గదిలో దీపం పెడితే ఆ దయ్యం ఊది ఆర్పేస్తుందనీ మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. అన్నం తినని పిల్లలను పాతరోడికి పట్టిస్తామని బెదిరించడం నా చిన్నతనంలో నేనూ విన్నాను. అత్త మరణించి ఆ ఇల్లు నా చేతికి వచ్చాక, కాగితాలు సరిచేయించుకునే క్రమంలో నాకు తెలిసిన విషయాలను ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. పాతరోడు మా ఇంట్లో జీతానికి ఉండిన ఒక మనిషి. ఆయనను దయ్యంగా మార్చింది మా కుటుంబమే.

అత్తకు పిల్లలు లేరు. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోవడంతో పుట్టింటికి తిరిగి వచ్చి, మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు. ఆమె వీలునామా రాయలేదు. పిల్లలు లేని హిందూ స్త్రీకి తల్లి నుంచో తండ్రి నుంచో వారసత్వంగా వచ్చిన ఆస్తి, ఆమె వీలునామా లేకుండా మరణించినప్పుడు, భర్త తరఫువారికి కాక ఆమె తండ్రి వారసులకు చెందుతుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షన్ చెబుతుంది. ఇల్లు అత్తకు మా తాత నుంచి వచ్చినదే గనుక, అప్పటికే మా నాన్న కూడా లేరు గనుక, అది మా అన్నకూ నాకూ సమానంగా వచ్చింది. అన్న ఆ ఇంటి గడప తొక్కడానికే ఇష్టపడలేదు. తన భాగాన్ని నాకు వదిలేస్తూ హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయించి ఇచ్చాడు. అమ్ముదామన్నా కొనేవారు లేరని, అద్దెకు ఇద్దామన్నా దిగేవారు లేరని బంధువులు ముందే చెప్పారు.

ఊరి మధ్య గ్రామకంఠంలో ఉన్న ఇళ్లకు పొలాలకు ఉన్నట్టు పట్టాలుండవు. పంచాయతీకి కట్టిన ఇంటిపన్ను రసీదులు, పూర్వం ఎప్పుడైనా రిజిస్టరైన దస్తావేజులు, చుట్టుపక్కలవారి సాక్ష్యం, ఇవే ఆధారాలు. అత్త మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకున్న తరువాత, ఆస్తి మీద జరిగిన లావాదేవీలన్నిటినీ చూపించే ఈసీ కోసం దరఖాస్తు పెట్టాను. కంప్యూటరులో దొరికే ఈసీ 1983 నుంచి మాత్రమే ఉంటుంది. అంతకు ముందటి లావాదేవీలు కావాలంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత సూచికల పుస్తకాలను చేత్తో వెతికించాలి. అలా వెతికించగా 1974 నాటి భాగపరిష్కార పత్రం బయటపడింది, దాని నకలు తీసుకున్నాను. తాత పోయాక నాన్నా అత్తా చేసుకున్న పంపకం అది. అందులో ఇంటికి చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దులు రాసి, పసులను కట్టే గాడిపాడు, బావి, వాకిట్లో నేలలో తవ్విన జొన్న పాతర ఒకటి, అన్నీ విడివిడిగా పేర్కొన్నారు. భాగాల్లో అన్నిటికంటె తక్కువ విలువ కట్టిన ఆ ఇంటిని అత్త తానే కోరి తీసుకున్నట్టు ఆ పత్రంలో స్పష్టంగా ఉంది. అందరూ భయపడే ఇంటిని ఆమె ఎందుకు కోరుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇల్లు మా ప్రాంతపు పాత మిద్దెలన్నిటి వంటిదే. నాపరాళ్లను మట్టితో పేర్చిన మూరెడు మందపు గోడలు, వేప దూలాలు, వాటి మీద దంతెలు, పైన చౌడు పరిచిన కప్పు, వెలుతురుకు ఒక గవాచి. పగలంతా కాగిన కప్పు రాత్రి చల్లబడేటప్పుడు దూలాలు, దంతెలు చిటచిటమని శబ్దం చేస్తాయి. చౌడు పొరల్లో ఎలుకలు, గవాచి దగ్గర గుడ్లగూబలు చేరతాయి. నేను కొన్ని రాత్రులు అక్కడ పడుకున్నాను, ఆ శబ్దాలన్నీ విన్నాను, ఒక్కొక్కదానికి కారణం తెల్లవారాక చూసుకున్నాను. నేల కింది నుంచి మూలుగు మాత్రం నాకెప్పుడూ వినబడలేదు.

మరమ్మతు కోసం వచ్చిన బేల్దారి మేస్త్రీ, గాడిపాటిని ఆనుకుని ఉన్న లోపలి గదిలో కుంగిపోయిన బండలను సరిచేయబోయి, ఒకచోట గడ్డపార మోగిన తీరు విని పని ఆపేశాడు. బండ లేపితే దాని కింద మట్టితో మూసిన మరొక పెద్ద బండ ఉంది. అది పాతర మూత అని అతను చూడగానే చెప్పాడు. దస్తావేజులో ఉన్నది వాకిట్లోని పాతర, అది ఏనాడో పూడిపోయింది. ఇంటి లోపల, బండల కింద ఇంకొక పాతర ఉన్నట్టు ఏ దస్తావేజులోనూ లేదు. కూలీలు ఆ రోజే గడ్డపారలు సర్దుకున్నారు. కోడిని కోసి, నిమ్మకాయలు దిగదుడిచి, శాంతి చేయిస్తేనే మళ్లీ వస్తామన్నారు. వాళ్ల భయం వాళ్లు పుట్టించుకున్నది కాదు గనుక నేను అడ్డు చెప్పలేదు.

పాతర అంటే ఏమిటో ఈ తరం వాళ్లలో చాలామందికి తెలియదు గనుక కొంచెం వివరిస్తాను. గట్టి నేలలో మూతి సన్నగా, లోపల వెడల్పుగా కుండ ఆకారంలో గొయ్యి తవ్వి, గోడలకు మట్టి మెత్తి, అడుగునా చుట్టూ ఎండిన చొప్ప పరిచి, జొన్నలు నింపి, పైన బండ పెట్టి గాలి చొరకుండా మట్టితో మూసేవారు. కరువులకు పుట్టిల్లయిన ఈ సీమలో ఒక మంచి పంటను రెండు మూడేళ్లు నిలుపుకోవడానికి ఇంతకంటె నమ్మకమైన ఉపాయం లేదు. లోపల మూసుకుపోయిన గింజలు, వాటిలోని పురుగులు, బూజు కలిసి ప్రాణవాయువును పీల్చుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ప్రాణవాయువు తగ్గిపోవడం వల్ల పురుగు చస్తుంది, గింజ నిలుస్తుంది. అయితే పురుగును చంపే ఆ గాలే మనిషినీ చంపుతుంది. మామూలు గాలిలో 21 శాతం ఉండే ప్రాణవాయువు 16 దగ్గరికి దిగజారితే దీపం నిలవదు. ఇంకా తగ్గితే మనిషికి స్పృహ తప్పుతుంది. బొగ్గుపులుసు వాయువు మామూలు గాలి కంటె బరువైనది గనుక మూత తీసినంత మాత్రాన పైకి వచ్చేయదు, అడుగునే నిలిచి ఉంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. అందుకే పాతర తెరిచాక ఒక పూటో ఒక రోజో వదిలేసి, లాంతరును తాడుకు కట్టి దించి, అది వెలుగుతూ ఉంటేనే మనిషిని దించడం మా పల్లెల్లో అందరికీ తెలిసిన ఆచారం.

మేమూ అదే చేశాం. మూత తీయించి దించిన లాంతరు సగం లోతులోనే ఆరిపోయింది. లోపల మిగిలిపోయిన జొన్నలు నల్లగా కుళ్లి అట్టకట్టి ఉన్నాయి. గోడకు ఆనించిన ఒక నిచ్చెన పైనుంచి టార్చి వెలుతురులో కనిపించింది. గాలి మిషను పెట్టి రెండు రోజులు ఊదించాకే దీపం నిలిచింది. అయినా ఎవరినీ దిగనివ్వలేదు.

దీపం ఆరడం చూస్తున్నవాళ్లలో ఒక ముసలాయన ఉన్నారు. చిన్నప్పుడు మా ఇంట్లో పసులు కాసినవారు. అందరూ వెళ్లిపోయినా ఆయన అరుగు మీదే కూర్చుండిపోయారు. నేను మంచినీళ్లు ఇచ్చి పక్కన కూర్చున్నాక చాలాసేపటికి నోరు విప్పారు.

"ఆ పొద్దు లాంతరు తాడు నా చేతిలోనే ఉండాది మా. ఒక తూరి దించినాను, ఆరిపాయె. ముట్టిచ్చి మళ్లా దించినాను, మళ్లా ఆరిపాయె. గాలి సరిగా లేదు సామీ, రేపు దిగుతాన్లే అన్యాడు ఆయప్ప. తెల్లారేతలికి బండ్లు కదలాల, దిగు అన్యాడు మీ జేజినాయన. దిగినోడు రొండో గంప నింపలా."

ఎవరికైనా ఈ మాట ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. పదేళ్ల పసులకాపరి పిల్లవాడు ఎవరికి చెప్పగలడు? ఆయనే ఇంకొక మాట చెప్పారు. పాతరలో దయ్యం ఉంది, దీపాన్ని అదే ఊదేసింది అని ఆ రాత్రి మొదట అన్నది మా తాతేనట. తెల్లవారేసరికి ఊరంతా అదే మాట. కొన్నాళ్లకు చనిపోయిన మనిషే ఆ దయ్యమని, పాతరోడు అన్న పేరు ఆయనకు అంటుకుంది.

అంత తొందర ఎందుకు వచ్చిందో అత్త పెట్టెలోని లెక్కల పుస్తకాల్లో దొరికింది. తాత చిట్టాలు ఏ ఏటికి ఆ యేడు విడిగా కట్టి ఉన్నాయి. పరాభవ నామ సంవత్సరపు చిట్టా, అంటే 1966 నాటిది, తెరిచి చదివాను. దేశమంతా తిండిగింజలకు కటకటలాడిన కాలమది. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద, ధాన్యం దాచిపెట్టిన వారి మీద కేసులు పెట్టేందుకు ప్రభుత్వానికి అధికారం ఉంది. లోపలి పాతర దాచుకోవడానికి తవ్వించినదేనని, తనిఖీకి వస్తున్నారన్న కబురు అంది రాత్రికి రాత్రే జొన్నలు బండ్ల మీద తరలించాలనుకున్నారని ఆ పుటలను బట్టి నాకు అర్థమైంది. ఒకే పుటలో "లోపలి పాతర జొన్నలు తీయుట" అని, దాని కింద "గుడ్డ, పూడ్చు ఖర్చు" అని, ఆ కింద కరణానికీ మునసబుకూ ఇచ్చిన మొత్తాలు రాసి ఉన్నాయి. 1984లో రద్దయ్యేదాకా ఊళ్లో భూమి లెక్కలు కరణం చేతిలో, జనన మరణాల నమోదు మునసబు చేతిలో ఉండేవి. చావు నమోదయితే ఎక్కడ, ఎలా అని ప్రశ్న వస్తుంది. ప్రశ్న వస్తే పాతర బయటపడుతుంది. అందుకే ఆ మనిషి చనిపోయినట్టు ఏ పుస్తకంలోనూ లేకుండా చేశారు. ఆయన దళితవాడకు చెందిన జీతగాడు, అప్పు కింద మా ఇంట్లో పనిచేస్తున్నవాడు. వెట్టిచాకిరీని నిషేధించిన చట్టం రావడానికి ఇంకా పదేళ్లుంది. అడిగేవాళ్లు లేరన్న ధైర్యం ఆ పుటలోని ప్రతి పద్దులోనూ నాకు కనిపించింది.

అత్త చేతి రాత మొదలైన తరువాతి పుస్తకాల్లో ప్రతి ఉగాదికీ ఒక పద్దు ఉంది. చనిపోయిన ఆయన భార్యకు రెండు బస్తాల జొన్నలు, ఆమె పోయాక ఆమె కొడుకుకు. చివరి ఏడాది వరకు ఒక్క ఉగాది కూడా తప్పలేదు. ఆ పద్దులు చదివినప్పుడు అత్త మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. ఆ ఇంటిని ఆమె ఎందుకు కోరి తీసుకుందో తెలిసినట్టనిపించింది. అది ఇతరుల చేతికి పోతే పాతర బయటపడుతుంది. దయ్యంతో కాపురం చేస్తోందని ఊరు అనుకున్నా సరే, తండ్రి రహస్యానికి కాపలాగా ఆమె అక్కడే ఉండిపోయింది.

ఆ గౌరవం ఎక్కువ కాలం నిలవలేదు. పంట కోతలయ్యాక ఒక కౌలుదారు నా దగ్గరకు వచ్చి, అత్త చేను తాలూకు కౌలు అని డబ్బు చేతిలో పెట్టాడు. ఏ చేను అని అడిగితే సర్వే నంబరు చెప్పాడు. ఆ నంబరు భాగపరిష్కార పత్రంలో లేదు, మరే దస్తావేజులోనూ లేదు. ఏ చేను ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపించే అడంగల్ తీయించి చూస్తే, అనుభవదారు గడిలో అత్త పేరు, పాత అడంగళ్లలో అదే గడిలో తాత పేరు ఉన్నాయి. పట్టాదారు గడిలో మాత్రం మొదటి నుంచి ఆ జీతగాడి పేరే ఉంది. అత్త పెట్టె అడుగున, గుడ్డలో చుట్టిన కాగితాలను అప్పుడు మళ్లీ తీశాను. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చే డీకేటీ పట్టా, ఆయన పేరున ఉన్న అసలు ప్రతి, అందులో ఉంది. దాని వెనుక, జొన్నల అప్పుకు కుదువ పెట్టినట్టు తాత చేతి రాత, ఒక వేలిముద్ర.

అంటే ప్రతి ఉగాదికి అత్త పంపిన జొన్నలు, ఆ కుటుంబపు సొంత భూమి మీద వచ్చిన కౌలులో చిన్న భాగం. ఆమె చెడ్డ మనిషి అని నేను అనను. తండ్రి మాటకు ఎదురు నిలవలేని రోజుల్లో పెరిగిన విధవ ఆమె. కానీ తండ్రి పోయి నలభై ఏళ్లు దాటాక కూడా ఆ కాగితం పెట్టెలోనే ఉంది, ఇవ్వడానికి ఆమెను ఆపేవారు ఎవరూ లేరు. ఈ సంగతిని మెత్తగా చెప్పడం ఆ కుటుంబానికి మళ్లీ అన్యాయం చేయడమే అవుతుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అసైన్డ్ భూముల బదిలీలను నిషేధిస్తూ 1977లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం ప్రకారం, పేదలకు ఇచ్చిన అటువంటి భూమిని ఇలా అప్పుకు కుదువ పెట్టడం చెల్లదు. అది వేరేవారి చేతిలో ఉంటే స్వాధీనం చేసుకుని, పట్టా పొందిన వారికి, లేదా వారి వారసులకు తిరిగి అప్పగించే అధికారం రెవెన్యూ అధికారులకు ఉంటుంది. ఎన్నేళ్లు దున్నుకున్నా ఆ భూమి మాది కాదు. నేను అనుభవదారుగా నా పేరు ఎక్కించుకోవడానికి బదులు, ఈ భూమి మా స్వాధీనంలోకి ఎలా వచ్చిందో వివరిస్తూ తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వాలని నిర్ణయించుకున్నాను.

ఈ సంగతి తెలిసినప్పుడు మా బంధువర్గంలో రేగిన కోపాన్ని ఎక్కువగా వివరించను. ఆ రెండెకరాల పైచిలుకు భూమి పోతుందన్నది వాళ్ల బాధ కాదు, వాళ్లందరూ నాకంటె ఉన్నవాళ్లే. చిట్టాలోని పుట బయటికి రాకూడదన్నదే వాళ్ల పట్టుదల. భూమి ఇస్తే ఇవ్వు, దానంగా ఇవ్వు, పాతర సంగతి ఎత్తకు అన్నారు. చచ్చిపోయిన పెద్దల పరువు తీయకూడదన్నారు. చనిపోయిన ఆ మనిషి కూడా ఒక ఇంటికి పెద్దే కదా అని నేను అడిగితే సమాధానం రాలేదు.

దళితవాడలో ఆయన కొడుకు ఇంటికి నేను ఒంటరిగానే వెళ్లాను. తండ్రి పోయినప్పుడు చంటిపిల్లవాడు, ఇప్పుడు అరవై దాటినవారు. పట్టా చేతికి ఇచ్చి, పసులు కాసిన పెద్దాయన చెప్పినదంతా చెప్పాను. ఆయనకు సగం తెలుసు. తల్లి చెప్పిందట, కానీ బయట అనవద్దని ఒట్టు వేయించుకుందట. తెలిసినా లాభం లేకపోయిందన్నారు. చిన్నతనంలో ఆయన బడికి వెళితే పాతరోడి కొడుకు వచ్చాడని తోటి పిల్లలు దూరంగా పారిపోయేవారు. మూడో తరగతితోనే ఆయన చదువు ఆగిపోయింది. పెళ్లి సంబంధాలు వెనక్కి పోయాయి. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి గేదె చచ్చినా పాతరోడు కొట్టాడని, ఈ ఇంటివైపు చూసేవారు. భర్తను అలా పిలవడం విన్న ప్రతిసారీ తల్లి పొయ్యి ఆర్పి పడుకునేదని ఆయన కోడలు అందుకుని చెప్పింది. మా తాత ఒక రాత్రి కేసు తప్పించుకోవడానికి అన్న మాట, ఆ ఇంటిమీద యాభై ఏళ్లకు పైగా అలా కూర్చుని ఉంది.

నా నుంచి ఏమి కావాలని అడిగితే, ఆయన భూమి మాట తరువాత ఎత్తారు. "మా నాయన ఎట్ల పోయినాడో సర్కారు కాగితంలో రాపీమ్మా," అన్నారు.

అది భూమికి కూడా అవసరమే. మరణం నమోదు కాకపోతే వారసులను తేల్చలేరు, వారసులు తేలకపోతే పట్టా వారి పేరుకు మారదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023లో చేసిన సవరణతో జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటు గానీ ఆ ఉత్తర్వు ఇవ్వవచ్చు. మరణం నమోదు కాలేదన్న ధ్రువపత్రం మొదట తీసుకున్నాం. కొడుకు ప్రమాణపత్రం, పసులు కాసిన పెద్దాయన సాక్ష్యం, నా ప్రమాణపత్రం జత చేసి దరఖాస్తు ఇచ్చాం. నా ప్రమాణపత్రంతో పాటు 1966 చిట్టాలోని ఆ పుట నకలునూ పెట్టాను. దరఖాస్తు రాసిపెట్టిన గుమాస్తా, కారణం దగ్గర ప్రమాదం అని రాస్తే సరిపోతుంది కదా అన్నారు. దీపం రెండుసార్లు ఆరిన తరువాత యజమాని ఆజ్ఞ మీద పాతరలోకి దిగి, ఊపిరాడక మరణించినట్టు పూర్తిగా రాయమని నేను పట్టుబట్టాను. విచారణకు వచ్చిన అధికారి ముందు పెద్దాయన అదే మాట వాంగ్మూలంగా ఇచ్చారు. లాంతరు తాడు ఎలా పట్టుకున్నాడో చేతులతో చూపించి మరీ చెప్పారు. ఉత్తర్వు వచ్చింది, మరణం నమోదైంది, మరణించిన చోటు దగ్గర మా ఇంటి నంబరు ఉంది.

లోపలి పాతరను ఎర్రమట్టితో నింపించి పైన బండలు పరిపించాను. కూలీలు అడిగిన శాంతి ఆయన కొడుకు చేతుల మీదుగా, వాళ్ల ఇంటి పద్ధతిలోనే జరిగింది. మిద్దెకు కొత్త చౌడు వేయించాను, ప్రస్తుతం నేనే ఉంటున్నాను. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు. నా ఎదుట ఎవరైనా ఆ పేరు అంటే, ఆయన అసలు పేరు చెప్పి, ఏమి జరిగిందో మొదటి నుంచి చెబుతాను. కొందరు వింటారు, కొందరు మాట మార్చేస్తారు.

భూమి దరఖాస్తు మీద విచారణ పూర్తయింది. వారసుల పేర్లు భూమి హక్కుల రికార్డయిన 1బీలో ఎక్కాయి, పాసుపుస్తకం రావలసి ఉంది. కౌలుదారు తన గడువు ముగిశాక తగాదా లేకుండా తప్పుకున్నాడు. అత్త చివరి ఏళ్లలో తీసుకున్న కౌలుకు ఆమె పుస్తకాల్లోనే లెక్క ఉంది గనుక, ఆ మొత్తాన్ని విడతలుగా నేను చెల్లిస్తున్నాను. ఈ రబీకి మనవడు ఆ చేలో బుడ్డశనగ విత్తాడు. మొలక బాగానే ఉంది గానీ, ఇంకొక పదును వాన పడితే తప్ప పూత నిలవదని అంటున్నాడు.